లోతు కోరుకొనిన దినము



ఆదికాండము 13వ అధ్యాయములో అబ్రాము తాను పెద్దవాడైయుండియు, కోరుకొను హక్కును లోతునకు విడిచెను. లోతు నీళ్లు పారు నేలను చూచెను గాని పొరుగువారెట్టివారో విచారింపలేదు.

ఇంటరు ముగించి ఈఏపీసెట్ వ్రాసిన మన బిడ్డలకు ఇట్టి దినమే వచ్చుచున్నది. 1926లో స్థాపింపబడిన విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వవిద్యాలయమా? 1946లో కళాశాలగా ఆరంభమై, 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైన కాకినాడ జె.ఎన్.టి.యు.నా? రెండును ప్రభుత్వమువే. పేరు విని పరుగెత్తకుడి. లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరిన వానివలె ముందుగా కూర్చుండి లెక్క చూడుడి. కోరిన శాఖ ఉన్నదా? సీటు సాధారణమైనదా, ఫీజు హెచ్చుగానుండు స్వయంపోషక విభాగములోనిదా? హాస్టలునకు, భోజనమునకు, రాకపోకలకు ఎంత? ఆదివారము కూడుకొనుటకు సంఘము దగ్గరనున్నదా?

ఆ లెక్కను బిడ్డకు దాచకుడి. అప్పు చేయవలసియున్నయెడల అదియు చెప్పుడి.

కౌన్సెలింగులో ర్యాంకునకు అందిన వాటిలో ముందు వ్రాసినదే దొరకును. కాబట్టి ఆ వరుస ముఖ్యము. తండ్రి తన పరువు కొరకు వరుస వ్రాయుటయు, బిడ్డ తలవంచుకొని ఊరకుండుటయు మేము చూచుచున్నాము. నాలుగేండ్లు చదువవలసినది ఎవరు? సలహా మనది, వరుస బిడ్డది కావలెను.

లోతు కోరిక అతనిని ఆపదలోనికి తెచ్చినప్పుడు అబ్రాము నిందింపక, వెళ్లి విడిపించెను. మన బిడ్డల కోరిక తప్పిపోయినను, మన ఇంటి తలుపు వారికి తెరచియుండును గాక. ఆమేన్.