గెలాక్సీల లెక్కలో మనిషి విలువెంత?

1923 అక్టోబరులో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాల నుంచి ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారికను ఫొటో తీశాడు. అందులో కనిపించిన ఒక చుక్కను మొదట నోవా అనుకున్నాడు. పాత ఫొటో పలకలతో పోల్చి చూస్తే, అది క్రమం తప్పకుండా వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే సెఫీడ్ నక్షత్రమని తేలింది. అలాంటి నక్షత్రం ఎన్ని రోజులకోసారి మిణుకుతుందో తెలిస్తే దాని అసలు కాంతి ఎంతో చెప్పవచ్చని హెన్రియెట్టా లీవిట్ 1912లోనే చూపించింది. ఆ సూత్రంతో దూరం లెక్కగట్టగా ఆండ్రోమెడా మన పాలపుంతలోది కాదని, అది మరో గెలాక్సీ అని రుజువైంది. నేటి కొలత ప్రకారం అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

ఆ ఒక్క చుక్కతో విశ్వం ఎల్లలు మారిపోయాయి. మన పాలపుంతలోనే కనీసం పదివేల కోట్ల నక్షత్రాలున్నాయి. కేంద్రానికి 26 వేల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న సూర్యుడికి దాని చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి 20 కోట్ల ఏళ్ళు దాటుతుంది. పాలపుంత లాంటివి, దానికన్నా చిన్నవి, పెద్దవి కలిపి గెలాక్సీలు ఎన్నో వేల కోట్లు. ఇది విన్న ఆలోచనాపరుడికి ఒక దిగులు పుట్టడం సహజం. ఇంతటి విశ్వంలో మనిషి మొక్కుకు, కన్నీటికి, ధర్మాధర్మాల తర్కానికి అర్థముందా?

ఈ దిగులు వెనుక ఎవరూ పైకి చెప్పని ఒక నమ్మకం ఉంది: పెద్దదే విలువైనదని. ఆ నమ్మకం గెలాక్సీల విషయంలోనే నిలవదు.

హబుల్ 1926లో గెలాక్సీలను ఆకారాన్ని బట్టి వర్గీకరించాడు. ఆ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. దీర్ఘవృత్తాకార గెలాక్సీలు గుడ్డు ఆకారంలో, ముసలి ఎర్ర నక్షత్రాలతో నిండి ఉంటాయి. సర్పిల గెలాక్సీల చేతుల్లో వాయువు, ధూళి పుష్కలం. నీలికాంతి చిమ్మే కొత్త నక్షత్రాలు అక్కడే పుడతాయి. ఆండ్రోమెడా ఈ రకమే. మన పాలపుంత కూడా సర్పిలమే కానీ, దాని నడిమధ్య నక్షత్రాలు ఒక పట్టీలా బారులు తీరి ఉంటాయి. ఏ ఆకారానికీ ఒదగనివి క్రమరహిత గెలాక్సీలు.

ఇప్పుడు రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. కన్యారాశి గెలాక్సీల గుంపులో రాజులాంటిది ఎమ్87. అది మహాకాయమైన దీర్ఘవృత్తాకార గెలాక్సీ. దాని కడుపులో 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. మానవజాతి తొలిసారి ఫొటోలో చూసిన కృష్ణబిలం అదే, 2019లో. అయినా కొత్త నక్షత్రాలను కనడానికి కావలసిన చల్లని వాయువు అక్కడ దాదాపు లేదు. రెండోది పెద్ద మాగెల్లాన్ మేఘం అనే గెలాక్సీ. పాలపుంత ముందు అది చిన్నదే. కానీ అందులోని టరాంట్యులా నీహారికలో నక్షత్రాలు పుట్టే జోరు మన ఇరుగుపొరుగు గెలాక్సీల్లో మరెక్కడా లేదు. 1987లో మామూలు కంటికి కనిపించిన సూపర్‌నోవా కూడా ఈ చిన్న గెలాక్సీలోదే. ఎక్కడ ఏం పుడుతుందన్నది పరిమాణం ఒక్కటే తేల్చే విషయం కాదు.

తత్వవేత్త థామస్ నాగెల్ 1971లో ఇదే దిగులును మరో వైపు నుంచి పరీక్షించాడు. మనం విశ్వమంతా నిండేంత పెద్దవాళ్ళమైతే మన బతుకుకు అర్థం పెరుగుతుందా అని అడిగాడు. పెరగదు. అలాంటప్పుడు చిన్నవాళ్ళమైనందువల్ల తగ్గేదీ లేదు.

భారతీయ చింతన ఈ ప్రశ్నను చాలా ముందే ఎదుర్కొంది. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం హృదయంలోని చిన్న ఆకాశం గురించి చెబుతుంది. బయట ఉన్న సూర్యచంద్రులు, నక్షత్రాలు అన్నీ ఆ లోపలి ఆకాశంలోనూ ఉన్నాయంటుంది. మనిషిని పెద్దవాణ్ణి చేసి చూపడం దాని ఉద్దేశం కాదు. కొలబద్దనే పక్కన పెట్టమంటుంది. తిరుమల కొండెక్కే తెలుగు భక్తుడు తన దేవుణ్ణి అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని పిలుస్తూనే ఇంట్లో జ్వరం తగ్గాలని మొక్కుకుంటాడు. లోకాలు కోట్లలో ఉన్నంత మాత్రాన తన మొర చిన్నదైపోదని అతని నమ్మకం.

అయితే పురాణాల బ్రహ్మాండమే గెలాక్సీ అనడం తగదు. అలాగే, గెలాక్సీలు చెదిరిపోకుండా పట్టి ఉంచే కృష్ణ పదార్థం కంటికి కనిపించదు కాబట్టి అదే పరబ్రహ్మం అనడమూ తగదు. వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఆండ్రోమెడా భ్రమణ వేగాన్ని కొలిచి ప్రచురించిన ఫలితాలు ఆ పదార్థం ఉనికికి బలమైన ఆధారాల్లో ఒకటయ్యాయి. అది కొలతకు, తప్పొప్పుల పరీక్షకు లోబడిన విషయం. ఈ జాగ్రత్త నేర్పినవాడు స్వయంగా క్రైస్తవ మతగురువు. విశ్వం ఒక తొలి స్థితి నుంచి వ్యాపిస్తూ వచ్చిందన్న ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్, 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ విజ్ఞానాన్ని సృష్టివాదానికి మద్దతుగా చూపినప్పుడు సమ్మతించలేదు. రేపు సిద్ధాంతం మారితే దానికి ముడిపెట్టిన విశ్వాసం సంగతేమిటి?

గెలాక్సీలు మనిషి నుంచి ఒకటి మాత్రం నిజంగానే తీసేసుకున్నాయి. ఇదంతా తన కోసమే అమర్చారన్న ధీమా అది. అది పోవడం మంచిదే. దానితోపాటు విలువ కూడా పోయిందనుకోవడమే పొరపాటు. యూదుల కీర్తనల గ్రంథంలోని ఎనిమిదో కీర్తన రాసిన కవి ఆకాశం వైపు చూసి, మానవుణ్ణి పట్టించుకోవడానికి అతడు ఏపాటివాడని దేవుణ్ణి అడిగాడు. అతనికి దూరదర్శిని లేదు. మామూలు కంటికి ఒకేసారి కనిపించే నక్షత్రాలు రెండు మూడు వేలకు మించవు. ఆ మాత్రం చుక్కలకే పుట్టిన ప్రశ్న అది. చిలీలోని రూబిన్ వేధశాల పదేళ్ళ సర్వేలో దాదాపు 2,000 కోట్ల గెలాక్సీలను నమోదు చేయనుంది. ఆ జాబితా పూర్తయినా కవి ప్రశ్న బరువు పెరగదు, తగ్గదు. దానికి జవాబు వెతకాల్సిన చోటు మనుషులు ఒకరితో ఒకరు మెలిగే తీరులోనే ఉంది.