అరిగిన కడప

నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. కాలువ కింద చెరుకు పండించి నాలుగు రూపాయలు చూసినవాళ్లు టేకు దూలాలు, మొగురాలు పెట్టి భవంతులు కట్టుకున్నారు. బోధన్ పల్లెల్లో ఇప్పుడు వాటిని విప్పుతున్నారు. స్లాబు ఇల్లు కట్టుకోవడం తప్పని అనను. నా బాధంతా ఆ కర్ర గురించే. దర్వాజలు లారీకెక్కి పట్నం పోయి హోటళ్ల గోడలకు అలంకారమవుతున్నాయి.

మొన్న ఒక ఇల్లు విప్పినచోట, మట్టికుప్ప మీద కడప కనిపించింది. నడుమ దోసిలిలా అరిగింది. తరాల పసుపు ఇంకి కర్ర రంగే మారిపోయింది. నిమిరితే గీతలు చేతికి తగిలాయి. కర్రలో మెత్తటి పొర ముందు అరుగుతుంది, గట్టి పొర నిలబడుతుంది. టేకు చెదకే లొంగదు. అది అంతగా అరిగిందంటే ఎన్ని పాదాలు, ఎన్ని శుక్రవారాల కడుగుళ్లు! కడప తొక్కొద్దని పెద్దలు అంటూనే ఉన్నారు, పిల్లలు తొక్కుతూనే ఉన్నారు.

హిరణ్యకశిపుడి వరం మీకు తెలిసిందే. లోపల కాదు, బయట కాదు. స్తంభంలోంచి వచ్చిన స్వామి కూర్చున్నది కడప మీదనే. పసుపు రాసే చేతులు ఆ సంగతి మరవలేదు.

ఈ మధ్య కొత్త కర్రనే ఇనుప బ్రష్షుతో గీకి పాతదిలా చేసి అమ్ముతున్నారు. పూజ చేయకుండా విభూతి పూసుకోవడం లాంటిదే ఇది.

పాత కర్ర కొత్త ఇంటికి పనికిరాదని కొందరంటారు. పూరీలో జగన్నాథుడి దారుమూర్తినే మారుస్తారు కదా అంటారు. నిజమే, 2015లోనూ నవకళేబరం జరిగింది. కానీ పాత మూర్తిని కోయిలి వైకుంఠంలో సమాధి చేసి, అక్కడి సేవకులైన దైతాపతులు సొంతమనిషి పోయినట్టు మైల పాటిస్తారు. పాతదాన్ని సాగనంపడానికి అక్కడ ఒక పద్ధతుంది. అదే ఏడాది డిసెంబరులో మన బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడికి చెరుకు మోసిన బండ్ల చక్రాలకు మనం ఏ మర్యాద చేశాం?

ఈ ఎండాకాలం ఇల్లు విప్పేవాళ్లుంటే, బేరంలో కడపను మాత్రం కలపకండి. కొత్త ఇంట్లో దేవుని అర్రకు పెట్టుకోండి. మనసొప్పకపోతే ఊరి గుడిలో అడిగి ఇవ్వండి. రంద మాత్రం పట్టించకండి.