సరిహద్దు చెరువు, పూర్తధర్మం

వైదిక సంప్రదాయం పుణ్యకర్మలను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా విభజించింది. యజ్ఞయాగాదులు ఇష్టం కాగా, చెరువు తవ్వించడం, బావి కట్టించడం, తోట నాటించడం వంటి పదిమందికీ పనికివచ్చే కార్యాలు పూర్తం. తెలుగువారు సప్తసంతానాలలో తనయుని సరసనే తటాకాన్ని నిలిపారు. అయితే బిడ్డను కన్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరనప్పుడు, చెరువు తవ్వించినంత మాత్రాన ధర్మం తీరిపోతుందా, లేక ఆ నీటిని తాగే ప్రతి తరానికీ అది సంక్రమిస్తుందా అన్నది విచారణీయం.

కడప సీమలోని పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి 1369లో వేయించిన శాసనం, మంచి చెరువుకు 12 అంగాలనూ 6 దోషాలనూ పేర్కొంటుంది. ఆ దోషాలలో చవిటి నేల ఒకటి, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం మరొకటి.

తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా ఉత్తరపు కొసన, ఆంధ్రప్రదేశ్‌లోని తడకు ఆనుకొని, పులికాటు సరస్సుకు చేరువలో ఉన్న ఆరంబాక్కం ప్రాంతానికి ఈ రెండు దోషాలూ ఎదురుగానే ఉన్నాయి. అదే జిల్లాలోని మీంజూరు పరిసరాల్లో భూగర్భజలాన్ని మితిమీరి తోడినందున సముద్రపు ఉప్పునీరు నేలలోపలికి చొచ్చుకువచ్చింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కూ మారినప్పుడు సరిహద్దు గీత జరిగింది గాని, చిత్తూరు కొండల్లో పుట్టి పిచ్చాటూరు, ఊత్తుక్కోట్టైల మీదుగా పులికాటు చేరే ఆరణి నది తన దారి మార్చుకోలేదు. ఆరణి, కాళంగి నదులు తెచ్చే మంచినీరు సముద్రపు నీటితో కలిస్తేనే ఆ సరస్సులో చేపా రొయ్యా బతుకుతాయి, జాలరి ఇంట పొయ్యి వెలుగుతుంది.

వాతావరణం మారి, ఈశాన్య రుతుపవనాల వాన కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసిపోతున్నప్పుడు, పూడిక నిండిన చెరువు దానిని నిలుపుకోలేదు. నీరు కలుజు మీదుగా, అంటే మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టు మీదుగా, సముద్రం పాలవుతుంది, వేసవికి చెరువు గర్భం నెర్రెలిస్తుంది.

శాసనం చెప్పిన పొలిమేర దోషం నీటిది కాదు, ఆ నీరు తనదని ఏ పక్షమూ పూనుకోని మనుషులది. జీర్ణోద్ధారం, అనగా శిథిలమైనదాన్ని తిరిగి నిలబెట్టడం, కొత్త నిర్మాణానికి తీసిపోని పుణ్యమని పెద్దలు భావించారు. కనుక పూర్తధర్మం ఎగువ ఊరికీ దిగువ ఊరికీ, తెలుగు మాటకూ తమిళ మాటకూ సమానంగా చెందుతుంది. ఏటా అక్టోబరు వానలకు ముందే ఇరువైపుల వారూ కలిసి పూడిక తీసి, తూము సరిచేసి, ఆక్రమణలు తొలగించడమే ఈనాటి తటాక ప్రతిష్ఠ.