వీరగల్లు, కొత్త కవచం

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి సమీపంలోని బేగూరులో లభించి, ఇప్పుడు ఆ నగరపు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న గంగుల కాలపు వీరగల్లు, అనగా పోరులో మరణించిన వీరుని స్మృతికై నిలిపిన శిల, నాగత్తరుడనే వీరుడు తన ప్రత్యర్థి వీరమహేంద్రునితో పోరాడి నేలకొరిగిన ఘట్టాన్ని చూపుతుంది. పూర్వ యుద్ధరీతిని నిబంధనల మధ్య తిరిగి ప్రదర్శించే నేటి పోరాటాలకు ఇటువంటి శిల్పాలను బట్టి కవచం చేయదలచిన వానికి శిల రూపాన్ని ఇస్తుంది గాని, రేకు మందాన్నీ, తోలుపట్టీల అమరికనూ, బరువునూ చెప్పదు. పైగా మొండికత్తి దెబ్బకూ తల పగలగలదు కనుక శిరస్త్రాణాన్ని పాతదానికంటే మందంగా చేయవలసి రావచ్చు.

అలా మార్చి చేసినప్పుడు అది పాత కవచమే అవుతుందా? ‘మిలిందపఞ్హ’ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు రథమనేది ఇరుసులోనో చక్రాలలోనో విడిగా దొరకదనీ, భాగాల కూర్పును ఆశ్రయించిన వ్యవహారనామమేననీ నిరూపించాడు, ఆచార్య నాగార్జునుడు ఏ వస్తువుకూ స్వభావం, అనగా ఇతరాలపై ఆధారపడని స్వంత ఉనికి, లేదన్నాడు. ఈ దృష్టిలో కొత్త కవచాన్ని నకిలీ అని తోసిపుచ్చడానికి ఆధారం లేదు.

అంతకంటె కఠినమైన ప్రశ్న, ప్రాణమిచ్చిన వానికి పూజగా నిలిచిన రూపాన్ని ప్రాణం పోని పోరులో ధరించడానికి చేయవచ్చునా అన్నది. బౌద్ధం చేతనను, అనగా చర్య వెనుకనున్న సంకల్పాన్ని, కర్మగా భావిస్తుంది. ఆ ప్రమాణం ప్రకారం, ప్రత్యర్థి క్షేమాన్ని కూడా తలచి అంచులు గుండ్రంగా అరగదీసి, మరణించిన వాని పేరును గౌరవంతో పలికే కవచకారుని పని ధర్మ్యమే.