గోడ మీది అంకె

ఒక ఊళ్లో ఒక మిర్చి షావుకారు ఉండేవాడు. ఆయన గిడ్డంగి గుమ్మం పక్కన గోడకు ఒక నల్లబల్ల. లోపల ఎన్ని బస్తాలున్నాయో దాని మీద సుద్దతో రాసి ఉండేది. సరుకు వస్తే పెద్ద గుమాస్తా పాత అంకె తుడిచి కొత్తది వేసేవాడు, పోతే మళ్లీ తుడిచేవాడు. మనిషి నిక్కచ్చి. ఏ పూట లెక్కపెట్టినా బల్ల మీది అంకె, లోపలి బస్తాలు సరిపోవలసిందే.

ఒకనాడు ఒక రైతు వచ్చాడు. "అయ్యా, నేను తోలింది అరవై బస్తాలు. తమరు యాభైకే డబ్బిచ్చారు" అన్నాడు. షావుకారు బల్ల చూశాడు: 212. లోపల లెక్కపెట్టించాడు: 212. అయితే ఏం లాభం? ఆ పది బస్తాలు అసలు రానే లేదా, వచ్చి వేరే లారీలో పోయాయా అని అడిగితే బల్ల ఏం చెబుతుంది? గుమాస్తా గుర్తు తెచ్చుకోబోయి తడబడ్డాడు. షావుకారు మారుమాట లేకుండా పది బస్తాల డబ్బు చేతిలో పెట్టి పంపాడు. సంగతి పాకి మర్నాడు మరో ఇద్దరు వచ్చారు. వాళ్లలో ఒకడైనా నిజంగా నష్టపోయినవాడు ఉన్నాడేమో. తేల్చే దారి లేదు.

అప్పుడొక కుర్ర గుమాస్తాను పెట్టుకున్నారు. వాడు చిట్టా తెరిచాడు. వచ్చినదానికీ పోయినదానికీ ఒక్కో పద్దు: ఏ రోజు, ఎవరిది, ఎన్ని, ఎందుకు. వానకు తడిసి పారబోసిన రెండు బస్తాలనూ అమ్మకంలో కలపకుండా "తడిసి నష్టం" అని విడిగా రాశాడు.

ఒక రోజు 51 జమ వేయాల్సిన చోట 15 అని పడింది. మర్నాడు చూసుకున్నాడు. కొట్టివేయకుండా కింద కొత్త పద్దు రాశాడు: "నిన్నటి 15 జమ రద్దు. 51 జమ."

"ఏమోయ్, ఆ 15ని దిద్దేస్తే పోయేదిగా! కాగితం దండగ" అన్నాడు షావుకారు.

"దిద్దితే తప్పు మాసిపోతుందండీ. కానీ సరుకు చాలదని నిన్న సాయంత్రం లారీని ఖాళీగా తిప్పి పంపాం కదా. 51 బస్తాలుంచుకుని ఎందుకు పంపారని ఆ లారీ యజమాని రేపు నిలదీస్తే ఏం చూపిస్తాం?"

చిట్టాతోనూ తంటాలున్నాయి. ఏడాది తిరిగేసరికి నిల్వ ఎంత అంటే, పొద్దున కూర్చున్నవాడు సాయంత్రానికి గానీ చెప్పలేకపోయాడు. దాంతో ప్రతి అమావాస్యకూ గీత గీసి ఆనాటి నిల్వ రాయసాగాడు. ఇక గీత దగ్గర్నుంచి కూడుకుంటే చాలు. గీత మీదే అనుమానం వస్తే పై పద్దులు ఎటూ పోలేదు.

అసలు తంటా షావుకారు మేనల్లుడితో వచ్చింది. "పద్దులన్నీ మొదటి నుంచి నడిపి, నిల్వ సరిపోతుందో లేదో చూడరా" అని పురమాయిస్తే, ఆ పిల్లవాడు మొదటి పేజీలో "గుంటూరుకు 30 బస్తాలు" అని చదివి, 30 బస్తాలు బండికెక్కించాడు. రెండో పద్దుకు ఇంకో బండి పిలిచాడు. కుర్ర గుమాస్తా పరుగెత్తుకొచ్చి ఆపబట్టి గిడ్డంగి మిగిలింది.

ఆ తర్వాత ఇంకో రైతు అదే పది బస్తాల తగాదాతో వచ్చాడు. చిట్టా తిప్పారు. తప్పు షావుకారుదే, ఆ పదీ వేరొకరి పేర జమ పడ్డాయి. పద్దు చూపించి డబ్బిచ్చారు. మర్నాడు ఎవరూ రాలేదు.

నీతి:

ఆర్డర్ అనే ఆబ్జెక్ట్‌లో స్థితికి ఒకే గడి పెట్టి, "డబ్బు అందింది" అన్నదాని మీద "రద్దు" అని రాసేసే కోడ్ ఆ నల్లబల్లే. పక్కన "చివరిసారి మారిన సమయం" అని ఒక కాలమ్ చేర్చి చరిత్ర ఉందనుకుంటారు చాలామంది. ఎప్పుడు తుడిచారో అది చెబుతుంది, ఏది తుడిచారో చెప్పదు.

కుర్ర గుమాస్తా పద్ధతిని ప్రోగ్రామర్లు ఈవెంట్ సోర్సింగ్ అంటారు. మార్టిన్ ఫౌలర్ 2005లో ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. పద్ధతి మాత్రం ముసలిది: లూకా పచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో వ్యాపారుల రోజువారీ పుస్తకాన్నీ ఖాతా పుస్తకాన్నీ వివరించాడు. మన చిట్టా, ఆవర్జాల వరసే అది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా మార్పును ముందు లాగ్‌లో రాసుకుంటుంది. మధ్యలో కూలితే చివరి చెక్‌పాయింట్ నుంచి ఆ లాగ్ నడిపి తేరుకుంటుంది. అమావాస్య గీత అక్కడుంది. గిట్‌లో రివర్ట్ చేస్తే పాత కమిట్ చెరిగిపోదు, దాన్ని తిప్పికొట్టే కొత్త కమిట్ చేరుతుంది.

ఈవెంట్‌కు పేరు పెట్టేటప్పుడే చాలామంది బద్ధకిస్తారు. "స్థితి మారింది" అని రాయడం వృథా. "కొన్నవారు వద్దన్నారు" ఒక ఈవెంట్, "సరుకు లేక మేమే ఆపాం" ఇంకొకటి. రెండింటికీ ఫలితం రద్దే. డబ్బు ఎవరు భరించాలన్నది మాత్రం వేరు.

మేనల్లుడి ముచ్చట నవ్వుకుని వదిలేసేది కాదు. పాత ఈవెంట్లను మళ్లీ నడిపేటప్పుడు ఎస్సెమ్మెస్ పంపే కోడ్, డబ్బు తిప్పి పంపే కోడ్ తగిలించి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? స్థితిని లెక్కగట్టే ఫంక్షన్ బయటి ప్రపంచాన్ని ముట్టుకోకూడదు.

అలాగని అన్నిటికీ చిట్టా అక్కర్లేదు. తెర రంగు ఎన్నిసార్లు మార్చుకున్నారో ఎవరిక్కావాలి? ఫోన్ నంబర్ల వంటి సొంత వివరాలు ఈవెంట్లలోకి ఎక్కించకండి. ఎప్పుడో ఒకప్పుడు తీసేయమని అడుగుతారు, చెరపరాని చోట రాసుకుని చిక్కుల్లో పడతారు. డబ్బు, సరుకు, అనుమతులు ఉన్న చోట మాత్రం ఈ పని వాయిదా వేయకండి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా లాగ్‌లో ఉంచాలనీ, ఆ లాగ్‌ను ఆపేసే వీలుండకూడదనీ మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లో ఉంది.