కూపన్ ఉంది కదా అని...

ఆదివారం హోటలుకు బయల్దేరుతూ, ఏం తిందామా అని కాక, ఎక్కడ తగ్గింపు ఉందా అని ఫోన్ చూసుకుంటున్నాం. తప్పేం లేదు. ఎలాగూ వెళ్లాలనుకున్న చోటే, ఎలాగూ తినాలనుకున్నదే తింటే కూపన్ అచ్చంగా లాభమే.

చిక్కల్లా కూపనే మనల్ని నడిపించినప్పుడు. వెయ్యి దాటితే రెండొందలు తగ్గింపు అంటారు. మనకు కావలసినవి రెండు బిర్యానీలు, ఆరొందలు అనుకోండి. వెయ్యి చేయడానికి ఓ స్టార్టరూ, రెండు ఐస్‌క్రీములూ వచ్చి చేరతాయి. ఎనిమిదొందలు కట్టి, రెండొందలు మిగిలాయని సంబరపడుతూ ఇంటికొస్తాం. మిగల్లేదండీ, అదనంగా పోయాయి! పొట్ట బరువు సరేసరి.

ఆ తగ్గింపు కూడా ఆకాశం నుంచి ఊడిపడదు. చాలాసార్లు హోటలు యజమానే భరించాలి. భారీ తగ్గింపుల పథకాలు మాకొద్దంటూ 2019 ఆగస్టులో దేశమంతటా వందలాది రెస్టారెంట్లు యాప్‌ల నుంచి బయటికొచ్చేశాయి. అందుకే మనకిష్టమైన చిన్న మెస్సులో కూపన్ కోసం వెతక్కపోవడమే మర్యాద అని నా అభిప్రాయం.

ఇంకో మాట. తగ్గింపు మురిపెంలో బిల్లు చదవడం మానకండి. సర్వీస్ చార్జి కట్టాలా వద్దా అన్నది మన ఇష్టం. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022లోనే కేంద్ర మార్గదర్శకాలు వచ్చాయి, 2025లో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. కలిపితే తీసేయమని అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.