ఎరవు తెచ్చిన గొడ్డలి



జూన్, జూలై నెలలు వచ్చాయంటే నా వాట్సాప్‌కి ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, సెప్టెంబర్‌లో స్లైగో వస్తున్నాను. ఏ ల్యాప్‌టాప్ తీసుకోమంటారు?" గుంటూరు నుంచో, ఖమ్మం నుంచో అడుగుతారు. మా సహవాసంలో ఎవరో ఒకరు నా నంబరు ఇచ్చి ఉంటారు. నేను కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకే రావడం సహజం. చాలాకాలం ఇది టెక్నికల్ ప్రశ్న అనుకున్నాను. కాదని ఒక తమ్ముడి వల్ల తెలిసింది.

స్లైగో తెలియనివారికి ఒక మాట. ఐర్లాండ్ వాయవ్య తీరంలో అట్లాంటిక్ గాలి నేరుగా తగిలే చిన్న పట్టణం ఇది. ఊరి మధ్యలో గారవోగ్ నది, ఉత్తరాన బల్లపరుపుగా బెన్‌బుల్బెన్ కొండ. ఇక్కడ 1970లో మొదలైన ప్రాంతీయ సాంకేతిక కళాశాల తర్వాత ఇన్‌స్టిట్యూట్ అయింది. 2022 ఏప్రిల్ 1న గాల్వే-మేయో, లెటర్‌కెన్నీ ఇన్‌స్టిట్యూట్‌లతో కలిసి అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీగా మారింది. మన పిల్లలు వచ్చేది అక్కడికే. ఇక్కడ వాన పైనుంచి కంటే పక్కనుంచే ఎక్కువ కొడుతుంది. గొడుగు పెద్దగా ఆగదు. ఈ వానే నాకు పాఠం చెప్పింది.

ఆ తమ్ముడిది పల్నాడు. డేటా అనలిటిక్స్‌లో సీటు వచ్చింది. అందరిలాగే అడిగాడు. నేను ఆఫీసులో లంచ్ చేస్తూ ఐదు నిమిషాల్లో ఒక లింక్ పంపాను. మంచి గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, పెద్ద స్క్రీన్. "ఇది తీసుకో తమ్ముడూ, నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని రాశాను. ధర లక్షా ముప్పై వేల రూపాయలు. "థాంక్స్ అన్నా" అన్నాడు. నేనూ ఒక మేలు చేశాననుకుని మర్చిపోయాను.

ఆ శీతాకాలంలో అతను రూమ్ మారుతుంటే సామాను తీసుకెళ్ళడానికి నా కారు వేసుకుని వెళ్ళాను. సూట్‌కేసులో బట్టల మధ్య, టవల్‌లో చుట్టి, ఆ ల్యాప్‌టాప్ కనిపించింది. కొత్తదానిలాగే ఉంది.

"కాలేజీకి తీసుకెళ్ళవా?"

"లేదన్నా. నడిచి వెళ్తాను కదా, వానలో తడుస్తుందేమోనని భయం. బరువు కూడా రెండున్నర కిలోలు. పగలు లైబ్రరీ కంప్యూటర్ మీద చేసుకుంటా. రాత్రి రూమ్‌కొచ్చాక దీని మీద చేస్తా."

"గ్రూప్ ప్రాజెక్టులప్పుడు?"

"నోట్‌బుక్ తీసుకెళ్తానన్నా."

తర్వాత దారిలో మాటల మధ్య మామూలుగా చెప్పాడు. వాళ్ళ నాన్నగారు తాపీ మేస్త్రి. చదువు లోను ఫీజుకి, టికెట్‌కి సరిపోయింది. ల్యాప్‌టాప్ కోసం అమ్మ మెడలోని గొలుసు కుదువ పెట్టారు. అంత డబ్బెందుకని చుట్టాలు అడిగితే నాన్నగారు అన్నారట: "అక్కడ చర్చిలో అన్న చెప్పాడంట, తెలిసినోడు చెప్పాడంటే అదే కరెక్టయి ఉంటది."

ఆ మాట విన్నాక కారు నడుపుతూ నేను ఇంకేం మాట్లాడలేకపోయాను. నేను పంపింది నా జీతంతో నేను కొనుక్కునే ల్యాప్‌టాప్ లింక్. అతని కోర్సుకి ఏం కావాలో, డబ్బు ఎవరిదో, ఎలా మోస్తాడో ఒక్కటీ అడగలేదు.

ఆ రాత్రి నాకు రెండవ రాజుల గ్రంథం 6వ అధ్యాయం గుర్తొచ్చింది. ప్రవక్తల శిష్యులకు ఉన్న చోటు ఇరుకైంది. యొర్దాను దగ్గర మ్రానులు నరికి కొత్త నివాసం కట్టుకోవాలని వెళ్ళారు. ఒకడు నరుకుతుండగా గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. అతను పనిముట్టు పోయిందని మాత్రమే ఏడవలేదు, అది ఎరవు తెచ్చినదని మొరపెట్టాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇనుము తేలిన అద్భుతమే మనకు చెప్పేవారు. ఇప్పుడు చదివితే ఆ కేక నాకు ముందు వినబడుతోంది. వాళ్ళు విద్యార్థులు. చోటు చాలక బయలుదేరినవాళ్ళు. చేతిలో ఉన్నది వేరేవాళ్ళ వస్తువు. సెప్టెంబరులో డబ్లిన్ ఎయిర్‌పోర్టులో దిగే మన పిల్లల కథ ఇదే కదా!

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా లూకా 14లోని గోపురం ఉపమానం చెప్తాం. కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలి. మంచిదే. కానీ అక్కడ కట్టేవాడిదే డబ్బు, నవ్వులపాలైతే అతనే అవుతాడు. విద్యార్థి విషయంలో లెక్క ఒకరు చూస్తారు, డబ్బు ఇంకొకరు కడతారు. సలహా మూడోవాడు ఇస్తాడు. ఆ మూడోవాడికి ఏమీ పోదు. అందుకే ఈ మూడోవాడి బాధ్యతే నన్ను కలవరపెడుతోంది.

ఆ తమ్ముడి నాన్నగారికి రోజు కూలి 900 రూపాయలు. లక్షా ముప్పై వేలంటే 144 రోజుల పని. అతని కోర్సుకి సరిపోయే మంచి రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ 45 వేలకు వచ్చేది. అది 50 రోజుల పని. మిగిలిన 94 రోజులు ఆయన ఎండలో ఇటుకలు పేర్చింది నా ఐదు నిమిషాల అజాగ్రత్త కోసం. ఇక్కడి లెక్క కూడా చూద్దాం. రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య తేడా 800 యూరోలనుకోండి. 2025లో ఐర్లాండ్‌లో కనీస వేతనం గంటకు 13.50 యూరోలు. అంటే దాదాపు 60 గంటలు. తరగతులు జరిగే రోజుల్లో విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలే పని చేయనిస్తారు కాబట్టి, అది మూడు వారాల పని. కౌంటర్ వెనక నిలబడి చేసే పని.

ఎవరైనా అడగవచ్చు: "తండ్రి ప్రేమతో ఇచ్చాడు, సంతోషంగా ఇచ్చాడు. దాన్ని లెక్కలు కట్టడం ఆ ప్రేమను చిన్నబుచ్చడం కాదా?" ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు ఆపింది. జవాబు దావీదు దగ్గర దొరికింది. బేత్లెహేము బావి నీళ్ళు తాగాలని ఆశపడితే, ముగ్గురు శూరులు శత్రువుల దండులో నుంచి చొచ్చుకుపోయి తెచ్చారు (2 సమూయేలు 23:15-17). ఎవరూ బలవంతం చేయలేదు, ప్రేమతోనే తెచ్చారు. అయినా దావీదు తాగలేకపోయాడు. ఆ నీళ్ళలో అతనికి ఆ మనుషుల ప్రాణం కనబడింది. ప్రేమతో ఇచ్చారు కాబట్టి ఎంతైనా ఖర్చు పెట్టవచ్చని అతను అనుకోలేదు. ప్రేమతో ఇచ్చారు కాబట్టే అది వెలగలదైంది. మన పిల్లలు ఆ నీళ్ళు పారబోయనక్కర్లేదు, చదువుకోవాలి. కానీ గుక్క గుక్కకీ ఎవరు తెచ్చారో తెలిసి తాగాలి.

అయితే చవకదే భక్తి అని నేను అనడం లేదు. అది ఇంకో పొరపాటు. షాపులో అన్నిటికంటే తక్కువ ధరకి దొరికే కొన్నిటిలో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ మాత్రమే ఉంటాయి. విండోస్ అప్‌డేట్‌లకే ఆ చోటు నిండిపోతుంది. ఏడాదిలోపే ఇంకొకటి కొనాల్సి వస్తే తండ్రి రెండుసార్లు కష్టపడ్డట్టు. మొద్దుబారిన గొడ్డలితో చెట్టు పడదు. కాబట్టి అడగవలసింది "ఎంత చవక" అని కాదు, "ఎంత చాలు" అని.

ఎంత చాలో నాకు తెలిసినంత చెప్తాను. బిజినెస్, సైన్స్, మామూలు ప్రోగ్రామింగ్ కోర్సులకు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 13 లేదా 14 అంగుళాల స్క్రీన్, కిలోన్నర లోపు బరువు హాయిగా సరిపోతాయి. నడిచి వెళ్ళేవాడికి ప్రాసెసర్ వేగం కన్నా బరువు ముఖ్యం. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తిరిగిచ్చే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. గట్టివి, విడిభాగాలు కూడా దొరుకుతాయి. కొనేముందు మూడు చూడండి: బ్యాటరీ ఎంత మిగిలి ఉంది, ర్యామ్ పెంచుకునే వీలుందా లేక బోర్డుకే అతికించేశారా, విండోస్ 11 నడుస్తుందా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం, ఆపైది కావాలి. అంతకన్నా పాతది మరీ చవకగా వస్తుంటే కారణం అదే.

మెషిన్ లెర్నింగ్ కోర్సు కదా, గ్రాఫిక్స్ కార్డు కావాలి కదా అని అడుగుతారు. గూగుల్ కోలాబ్ లాంటి చోట చదువుకు సరిపడా పని ఉచితంగా మొదలుపెట్టవచ్చు. ఆర్కిటెక్చర్, త్రీడీ డిజైన్ లాంటి కోర్సుల సంగతి వేరు. వాళ్ళు ముందుగా డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ రాసి ఏం కావాలో అడగాలి. లైబ్రరీలో అరువిచ్చే ల్యాప్‌టాప్‌లు ఉన్నాయా అని కూడా అందులోనే అడగాలి.

ఇండియాలో కొనాలా, ఇక్కడా? ఇండియాలో కొంటే ఆ వారంటీ ఐర్లాండ్‌లో చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా చూసుకోండి. కరెంటు రెండు చోట్లా 230 వోల్టులే. ఇక్కడి ప్లగ్గు బ్రిటన్‌లో లాగా మూడు చదరపు పిన్నులది, ఒక త్రాడు మారిస్తే చాలు. ఇక్కడ షాపులో కొంటే, రీఫర్బిష్డ్ అయినా సరే, 2022 నాటి వినియోగదారుల హక్కుల చట్టం రక్షణ ఉంటుంది. తెలియని వ్యక్తి దగ్గర చేతి మీద కొంటే ఆ రక్షణ ఉండదు.

ఇవన్నీ ఎవరైనా చెప్పగలిగే విషయాలు. సహవాసంగా మనం చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను లింక్ పంపను, ఫోన్ చేస్తాను. మొదట అడిగేది "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని. తర్వాత "కోర్సు ఏంటి, కాలేజీకి ఎలా వెళ్తావు" అని. చివరగా, "ఇది రేపు గారవోగ్ నదిలో పడిపోతే ఇంట్లో ఏమవుతుంది?" అని. ఈ చివరి ప్రశ్నకి జవాబు భయంగా ఉంటే ఆ వస్తువు ఖరీదు ఎక్కువైనట్టే. భయపడి దాచుకునే పనిముట్టుతో పని జరగదు.

ఎలీషా ఆ శిష్యుణ్ణి "ఎందుకు ఎరవు తెచ్చావు, జాగ్రత్తగా పట్టుకోలేవా" అని గద్దించలేదు. ఎక్కడ పడిందని అడిగాడు. ఒక కొమ్మ నరికి అక్కడ వేశాడు. ఇది చదివాక మా ఇంటి అల్మారా తెరిచాను. నేను వాడటం మానేసిన ల్యాప్‌టాప్‌లు రెండు ఉన్నాయి. పాతవి, కానీ విండోస్ 11 నడుస్తుంది. మా సహవాసంలో సగంమంది ఐటీ వాళ్ళమే, అందరి ఇళ్ళలోనూ ఇదే కథ. మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆరాధన తర్వాత వాటిని ఒకచోట చేర్చాం. పాత డేటా పూర్తిగా తుడిచేసి, అవసరమైనవాటికి కొత్త బ్యాటరీ వేశాం. ఐదు పనికొచ్చాయి. కొత్తగా వచ్చే పిల్లలకి మొదటి సెమిస్టర్ వాడుకోమని ఇస్తున్నాం. అవీ ఎరవు వస్తువులే, కానీ పోతే ఎవరి మెడలో గొలుసూ పోదు. ఒక సెమిస్టర్ గడిచాక తమకు నిజంగా ఏం కావాలో వాళ్ళకే తెలుస్తుంది.

ఆ తమ్ముడిని క్షమించమని అడిగాను. "అదేంటన్నా, మంచి ల్యాప్‌టాపే కదా" అని నవ్వాడు. నిజమే, మంచిదే. దాన్ని భయం లేకుండా మోసుకెళ్ళడానికి ఒక వాటర్‌ప్రూఫ్ బ్యాగు కొనిచ్చాను. నేను చేయగలిగింది అంతే, 94 రోజులు తిరిగివ్వలేను. ఇప్పుడు అతనికి ఉద్యోగం వచ్చింది. గొలుసు విడిపించాడు. పోయిన నెల ఒక జూనియర్ అతనికి ఫోన్ చేసి ఏ ల్యాప్‌టాప్ కొనాలని అడిగాడట. నేను పక్కనే ఉన్నాను. "ముందు చెప్పు, మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నాడు.

మన దగ్గరకు ప్రశ్నతో వచ్చే ప్రతి బిడ్డ వెనక నిలబడి ఉన్న తల్లిదండ్రులను చూసే కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.